నవోదయ విద్యాలయాల విద్యార్థి వలస పథకం

జవహర్ నవోదయ విద్యాలయాలలో తొమ్మిదవ తరగతి చదివే విద్యార్థులలో 30 శాతం మందిని ఒక విద్యా సంవత్సరం పాటు వేరొక భాషా ప్రాంతంలోని నవోదయ విద్యాలయానికి పంపి చదివించే ఏర్పాటును విద్యార్థి వలస పథకం అంటారు. విద్యార్థులు, ఉపాధ్యాయులు వాడుకలో దీనిని "మైగ్రేషన్" అనే పిలుస్తారు. హిందీ మాట్లాడే జిల్లాల పిల్లలు హిందీయేతర జిల్లాలకు, అక్కడి పిల్లలు హిందీ జిల్లాలకు మారడం దీని ముఖ్య లక్షణం. ఏడాది ముగిశాక అందరూ తమ సొంత విద్యాలయాలకు తిరిగివచ్చి పదవ తరగతిలో చేరతారు.

పిల్లలకు ఇతర ప్రాంతాల సంస్కృతిని పరిచయం చేయడానికి పాఠ్యపుస్తకాలు, పాటలు, వేషధారణ పోటీలు, విహారయాత్రలు మొదలైన మార్గాలెన్నో ఉన్నాయి. వలస పథకం వీటన్నిటికీ భిన్నమైనది. ఇందులో సంస్కృతి ఒక పాఠ్యాంశంగా ఉండదు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు కొత్త భాష, కొత్త తిండి, కొత్త వాతావరణం మధ్య ఏడాది గడుపుతాడు. ఆతిథ్యమిచ్చే పిల్లలు కూడా వచ్చినవారి భాష నేర్చుకోవలసి ఉంటుంది. ఈ పరస్పరత పథకానికి ఆయువుపట్టు.

నేపథ్యం

స్వాతంత్ర్యానంతరం భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడిన తరువాత, భిన్న భాషల ప్రజల మధ్య సామరస్యాన్ని పెంచడంలో పాఠశాల పాత్ర ఏమిటన్న చర్చ జరిగింది. ఈ విషయమై 1961 లో సంపూర్ణానంద్ అధ్యక్షతన భావ సమైక్యతా సంఘం ఏర్పాటైంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా జాతీయ సమైక్యతను విద్యా లక్ష్యాలలో ఒకటిగా పేర్కొన్నది.

1968 జాతీయ విద్యా విధానం త్రిభాషా సూత్రాన్ని ఆమోదించింది. దీని ప్రకారం హిందీయేతర రాష్ట్రాల పిల్లలు తమ ప్రాంతీయ భాషతో పాటు హిందీ, ఆంగ్లం నేర్చుకోవాలి. హిందీ రాష్ట్రాల పిల్లలు హిందీ, ఆంగ్లాలతో పాటు మరొక ఆధునిక భారతీయ భాషను, వీలైతే ఒక దక్షిణాది భాషను నేర్చుకోవాలి. ఆచరణలో మాత్రం ఇది ఒకవైపే ఎక్కువగా అమలైంది. దక్షిణాదిన, తమిళనాడు మినహా, బడిలో హిందీ పాఠ్యాంశంగా స్థిరపడింది. ఉత్తరాదిన చాలా పాఠశాలలు మూడవ భాషగా సంస్కృతాన్ని ఎంచుకున్నాయి. అందువలన తెలుగు, కన్నడం, మలయాళం వంటి సజీవ భాషలు ఉత్తరాది పిల్లవాడికి పరిచయమయ్యే అవకాశం లేకపోయింది. నవోదయ విద్యాలయాల పథకం ఈ లోటును కొంత మేరకు పూరించింది.

1986 జాతీయ విద్యా విధానం ప్రతిభ గల గ్రామీణ విద్యార్థుల కోసం జిల్లాకొక ఆశ్రమ పాఠశాల ఉండాలని ప్రతిపాదించింది. నాణ్యమైన విద్యను సామాజిక న్యాయంతో జోడించడం, దేశంలోని వివిధ ప్రాంతాల పిల్లలు కలసి జీవిస్తూ చదువుకొనే వీలు కల్పించడం ద్వారా జాతీయ సమైక్యతను పెంపొందించడం ఈ పాఠశాలల లక్ష్యాలుగా ఆ విధానంలో పేర్కొన్నారు. అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ. మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి పి.వి.నరసింహారావు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే పి.వి. 1971 లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో (ప్రస్తుతం యాదాద్రి భువనగిరి జిల్లా) గురుకుల పాఠశాల ప్రారంభమైంది. గ్రామీణ విద్యార్థులకు వసతితో కూడిన మంచి చదువు అందించడమన్న ఆలోచనకు జాతీయ స్థాయిలో నవోదయ ఒక విస్తృత రూపం.

ప్రయోగాత్మకంగా తొలి రెండు విద్యాలయాలు 1985-86 లో హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రలోని అమరావతిలోను మొదలయ్యాయి. వీటి నిర్వహణ బాధ్యత నవోదయ విద్యాలయ సమితి అనే స్వయంప్రతిపత్తి గల సంస్థది. తరువాతి కాలంలో మంజూరైన విద్యాలయాల సంఖ్య 661 కి చేరింది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రిమండలి మరో 28 విద్యాలయాలను ఆమోదించింది.

పథకం స్వరూపం

నవోదయ విద్యాలయంలో ఆరవ తరగతి ప్రవేశం ఎంపిక పరీక్ష ద్వారా జరుగుతుంది. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంత విద్యార్థులకు, మూడింట ఒక వంతు సీట్లు బాలికలకు కేటాయిస్తారు. వసతి, భోజనం, దుస్తులు, పుస్తకాలు ఉచితం. ఒక తరగతిలో 80 మంది ఉన్నట్లయితే, 30 శాతం లెక్కన 24 మంది తొమ్మిదవ తరగతిలో బయటికి వెళతారు. దాదాపు అంతే మంది జతపడిన విద్యాలయం నుండి వస్తారు. ఏ విద్యాలయానికి ఏది జతగా ఉండాలో సమితి నిర్ణయిస్తుంది.

వలసకు తొమ్మిదవ తరగతినే ఎన్నుకోవడానికి అనుకూలించే అంశాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది బోధనా మాధ్యమం. నవోదయ విద్యాలయాలలో ఏడు లేదా ఎనిమిదవ తరగతి వరకు మాతృభాషలో లేదా ప్రాంతీయ భాషలో బోధిస్తారు. అటు పిమ్మట గణితం, విజ్ఞాన శాస్త్రం ఆంగ్లంలోను, సాంఘిక శాస్త్రం హిందీలోను బోధించాలన్నది అన్ని విద్యాలయాలకూ వర్తించే పద్ధతి. కనుక తొమ్మిదవ తరగతి నాటికి పిల్లలందరూ ఒకే మాధ్యమానికి వచ్చి ఉంటారు.

రెండవది పాఠ్యప్రణాళిక. అన్ని విద్యాలయాలూ కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలికి (సి.బి.ఎస్.ఇ.) అనుబంధమైనవే. అందుచేత ఊరు మారినా పాఠం మారదు.

మూడవది పరీక్ష. పదవ తరగతి చివర బోర్డు పరీక్ష ఉంటుంది. తొమ్మిదిలో అటువంటిది లేదు. కొత్త చోట కుదురుకోవడానికి కొంత సమయం పట్టినా సర్దుకొనే వీలుంటుంది.

విద్యార్థులు సాధారణంగా రైలులో, ఉపాధ్యాయుల వెంట ప్రయాణిస్తారు. చాలామంది గ్రామీణ విద్యార్థులకు రాష్ట్రం దాటే మొదటి దూర ప్రయాణం ఇదే అవుతుంది.

మూడవ భాషగా అతిథి భాష

పథకంలో అంతగా ప్రచారం పొందని, కాని ఎంతో ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. హిందీ జిల్లాలోని నవోదయ విద్యాలయంలో మూడవ భాష ఏదన్నది అక్కడికి వలస వచ్చే పిల్లల భాషను బట్టి నిర్ణయమవుతుంది. తెలుగు జిల్లాతో జతపడిన హిందీ ప్రాంత విద్యాలయంలో పిల్లలందరూ ఆరు నుండి తొమ్మిదవ తరగతి వరకు తెలుగు నేర్చుకుంటారు. వలస వెళ్ళే 30 శాతం మందే కాక, ఊరు కదలని మిగతా 70 శాతం మందికీ ఇది తప్పనిసరి. ఇందుకోసం సమితి తెలుగు, కన్నడం, మలయాళం, తమిళం, మరాఠీ, ఒడియా, బెంగాలీ, అస్సామీ, మణిపురి మొదలైన భాషల ఉపాధ్యాయులను నియమిస్తుంది.

దీనివలన మూడు ప్రయోజనాలు కలుగుతాయి. వలస వెళ్ళబోయే హిందీ ప్రాంత విద్యార్థికి తెలుగు అక్షరాలు, చిన్న చిన్న వాక్యాలు ముందే పరిచయమై ఉంటాయి. తెలుగు నాట నుండి వెళ్ళిన పిల్లలకు తమ భాషలో కష్టసుఖాలు చెప్పుకొనేందుకు ఆ బడిలో ఒక పెద్దదిక్కు దొరుకుతాడు. అన్నిటికంటె ముఖ్యంగా, వచ్చినవారి భాషకు ఆ బడిలో ఒక పీరియడు, ఒక పుస్తకం, ఒక పరీక్ష ఉంటాయి. తెలుగు పీరియడులో తెలుగు పిల్లవాడు తెలిసినవాడు, స్థానికుడు అడిగి నేర్చుకొనేవాడు అవుతాడు. మిగతా పీరియడ్లలో ఈ స్థానాలు తారుమారు కావచ్చు. ఇద్దరికీ నేర్పే వంతు, నేర్చుకొనే వంతు రావడం వలన చిన్నచూపుకు తావు తగ్గుతుంది.

రెండు భాషల పిల్లలు ఒకరినొకరు అర్థం చేసుకొనేటప్పుడు ఎదురయ్యే చిక్కులు కూడా విద్యాపరంగా విలువైనవే. సంస్కృతం నుండి వచ్చిన పదాలు రెండు భాషలలోనూ ఉండడం సహాయమే అయినా, వాటిలో కొన్ని అర్థభేదం వలన తికమక పెడతాయి. ఉదాహరణకు:

* శిక్షా: హిందీలో చదువు. తెలుగులో శిక్ష అంటే దండన.
* అవకాశ్: హిందీలో సెలవు. తెలుగులో అవకాశం అంటే వీలు.
* ఉపన్యాస్: హిందీలో నవల. తెలుగులో ఉపన్యాసం అంటే ప్రసంగం.
* అనుమాన్: హిందీలో అంచనా. తెలుగులో అనుమానం అంటే సందేహం.
* సంసార్: హిందీలో ప్రపంచం. తెలుగులో సంసారం అంటే కుటుంబ జీవనం.

వ్యాకరణంలోనూ భేదాలున్నాయి. హిందీలో ప్రాణం లేని వస్తువులకు కూడా స్త్రీలింగ, పుంలింగ భేదం ఉంటుంది. రైలుబండి వచ్చిందనడానికి ఒక రూపం, ఉత్తరం వచ్చిందనడానికి మరొక రూపం వాడాలి. ఈ భేదమెరుగని తెలుగు విద్యార్థి తొలి నెలల్లో తరచు తడబడతాడు. అటువైపు విద్యార్థికి తెలుగులోని "మేము", "మనము" అన్న భేదం కొత్త. హిందీలో రెంటికీ "హమ్" ఒక్కటే. ఎదుటివాడిని కలుపుకొని చెప్పేటప్పుడు "మనము" అనీ, అతనిని మినహాయించి చెప్పేటప్పుడు "మేము" అనీ అనాలని తెలుసుకోవడానికి అతనికి కొంత కాలం పడుతుంది. "మేము భోజనానికి వెళుతున్నాము" అని పక్కవాడిని కూడా పిలుస్తున్నాననుకొనే పిల్లవాడికి, తాను నిజానికి అతనిని వదిలిపెట్టి వెళుతున్నట్లు చెప్పానని తోటివారు వివరిస్తే గాని తెలియదు. ఒక భాష చేసే విభజనను మరొక భాష చేయకపోవచ్చునన్న సంగతి పిల్లలకు ఈ విధంగా స్వానుభవంతో తెలుస్తుంది.

వసతి గృహ జీవితం

నవోదయ విద్యాలయాలలో విద్యార్థులను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌస్‌లుగా విభజిస్తారు. వలస వచ్చినవారు కూడా ఏదో ఒక హౌస్‌కు చెందుతారు. ఆటల పోటీలు, వ్యాసరచన, వక్తృత్వం, పరిశుభ్రత మొదలైన వాటిలో పాయింట్లు హౌస్‌ల వారీగా లెక్కిస్తారు. కబడ్డీ జట్టులో తెలుగు పిల్లవాడు, హిందీ పిల్లవాడు ఒకే పక్షాన నిలిచినపుడు, వారి గెలుపోటములు ఒకటే అవుతాయి.

తొలి వారాలలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది భోజనం. అన్నం, పప్పు, పచ్చడి, మజ్జిగకు అలవాటు పడిన పిల్లలకు రెండు పూటలా రొట్టె, ఆవనూనె వాసన కొత్తగా ఉంటాయి. ఉత్తరాది నుండి వచ్చినవారికి చింతపండు పులుపు, మిరప కారం, ఇడ్లీ, సాంబారు అలాగే తోస్తాయి. వాతావరణం మరొక పరీక్ష. కోస్తా జిల్లాల పిల్లలకు ఉత్తరాది డిసెంబరు, జనవరి నెలల చలి, పొగమంచు ఎన్నడూ ఎరుగనివి. హిమాచల్ వంటి చల్లని ప్రాంతాల వారికి తెలుగు నాట వేసవి అంతే కష్టం.

పండుగలు ఇంటి మీద బెంగ పుట్టించే సందర్భాలు, అవే పరిచయాలు పెరిగే సందర్భాలు కూడా. బీహారులో ఛఠ్, ఉత్తరాదిన హోలీ చూసిన పిల్లలు తమ సంక్రాంతి, ఉగాది, బతుకమ్మల గురించి చెప్పవలసి వస్తుంది. ఇంట్లో ఉన్నంత కాలం అడిగేవారు లేని ప్రశ్నలు అక్కడ ఎదురవుతాయి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకు వేస్తారు, బతుకమ్మను నీటిలో ఎందుకు వదులుతారు అని తోటివారు అడిగినపుడు, సమాధానం కోసం పిల్లలు ఇంటికి ఉత్తరం వ్రాసో, ఫోను చేసో తెలుసుకొంటారు. ఇతరుల సంస్కృతిని తెలుసుకోవడానికి వెళ్ళినవారు తమ సంస్కృతిని కూడా తరచి చూడడం ఇటువంటి కార్యక్రమాలలో సాధారణంగా కనబడే ఫలితం.

తెలుగు రాష్ట్రాలలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విద్యాలయాలు హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయం పరిధిలోనివి. కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి, అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్ కూడా ఈ ప్రాంతంలోకే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి (అనంతపురం), బనవాసి (కర్నూలు), పెద్దాపురం (తూర్పు గోదావరి), వేలేరు (కృష్ణా), మద్దిరాల (గుంటూరు), వెన్నెలవలస (శ్రీకాకుళం), తెలంగాణలో చొప్పదండి (కరీంనగర్), మామునూరు (వరంగల్), వర్గల్ (మెదక్), నిజాంసాగర్ (నిజామాబాదు), చలకుర్తి (నల్గొండ), పాలేరు (ఖమ్మం), కాగజ్‌నగర్ (ఆదిలాబాదు) మొదలైన చోట్ల విద్యాలయాలున్నాయి. కుండలీకరణాలలో ఉన్నవి పూర్వపు ఉమ్మడి జిల్లాల పేర్లు. 2024 లో ఆమోదం పొందిన 28 కొత్త విద్యాలయాలలో 7 తెలంగాణకు కేటాయించారు.

ఈ విద్యాలయాలలో తెలుగు, హిందీ, ఆంగ్లం బోధిస్తారు. కాబట్టి తొమ్మిదవ తరగతిలో ఉత్తరాదికి వెళ్ళే తెలుగు విద్యార్థి ఆరవ తరగతి నుండి హిందీ చదివి ఉంటాడు. పుస్తకంలోని హిందీకి, ఆ ఊరి వీధిలో వినిపించే అవధీ, భోజ్‌పురి, బుందేలీ, రాజస్థానీ మాటలకు ఎంతో తేడా ఉంటుందని అక్కడికి వెళ్ళాకనే తెలుస్తుంది. హిందీ ప్రాంతం అంటే అంతా ఒకే భాష, ఒకే ఆచారం అనుకొనే భ్రమ దీనితో తొలగుతుంది. అదే విధంగా దక్షిణాది వారందరినీ ఒక్క గాటన కట్టే అలవాటు, తెలుగు నాట ఏడాది గడిపిన ఉత్తరాది విద్యార్థిలో నిలవడం కష్టం.

సాంఘిక మనస్తత్వ శాస్త్ర దృష్టి

భిన్న వర్గాల వారు కలసినంత మాత్రాన అపోహలు తొలగవని, కలయిక జరిగే తీరు ముఖ్యమని సాంఘిక మనస్తత్వ శాస్త్రం చెబుతుంది. అమెరికా శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954 లో వెలువరించిన గ్రంథంలో దురభిప్రాయాలు తగ్గడానికి అనుకూలించే నాలుగు పరిస్థితులను వివరించాడు:

* కలసినవారు సమాన హోదా కలిగి ఉండడం
* ఉమ్మడి లక్ష్యం ఉండడం
* ఆ లక్ష్యం కోసం పరస్పరం సహకరించుకోవడం
* సంస్థ, అధికారులు ఆ కలయికను బలపరచడం

థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006 లో 515 అధ్యయనాలను క్రోడీకరించి, వర్గాల మధ్య సంపర్కం సాధారణంగా దురభిప్రాయాలను తగ్గిస్తుందని నిర్ధారించారు. ఆల్‌పోర్ట్ చెప్పిన పరిస్థితులు తప్పనిసరి కాకపోయినా, అవి ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉంటుందని వారు గుర్తించారు.

భారతదేశంలో జరిగిన రెండు అధ్యయనాలు ఇందుకు సంబంధించినవి. ఢిల్లీలోని ఖరీదైన ప్రైవేటు పాఠశాలలలో పేద పిల్లలకు సీట్లు కేటాయించినపుడు, వారితో కలసి చదివిన సంపన్న విద్యార్థులలో దాతృత్వం పెరిగిందని, పేద పిల్లల పట్ల వివక్ష తగ్గిందని గౌతమ్ రావు 2019 లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. ఉత్తర ప్రదేశ్‌లో భిన్న కులాల యువకులతో క్రికెట్ పోటీలు నడిపి మ్యాట్ లోవ్ చేసిన అధ్యయనం 2021 లో వెలువడింది. ఒకే జట్టులో కలసి ఆడినవారి మధ్య కులాంతర స్నేహాలు పెరిగాయి. ఎదురెదురు జట్లుగా మాత్రమే తలపడినవారిలో అటువంటి ఫలితం రాలేదు. ఇవి నవోదయ విద్యాలయాలలో జరిగిన పరిశోధనలు కావు. అయినా వలస పథకంలోని అంశాలు, అంటే ఒకే దుస్తులు, ఒకే వసతి, ఒకే తరగతి, ఉమ్మడి హౌస్, అధికారిక మద్దతు, ఆల్‌పోర్ట్ వివరించిన పరిస్థితులకు దగ్గరగా ఉన్నాయి.

అమెరికా విద్యావేత్త జేమ్స్ బ్యాంక్స్ బహుళ సంస్కృతుల విద్యను నాలుగు స్థాయిలుగా వర్గీకరించాడు. పండుగలు, మహనీయుల పేర్లు పరిచయం చేయడం మొదటి మెట్టు. పాఠ్యాంశాలకు అదనపు అధ్యాయాలు చేర్చడం రెండవది. ఒకే విషయాన్ని భిన్న వర్గాల దృష్టితో చూడడం మూడవది. తెలుసుకున్నదానిని ఆచరణలో పెట్టడం నాలుగవది. చాలా పాఠశాలలు పంచె, తలపాగా కట్టించి ఫోటో తీయించే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

2020 లాక్‌డౌన్

2020 మార్చిలో కోవిడ్-19 కారణంగా విద్యాలయాలకు ముందుగానే సెలవులు ప్రకటించారు. స్థానిక విద్యార్థులు ఇళ్ళకు చేరుకున్నారు. ఏడాది చివర రైలులో తిరిగి రావలసిన వలస విద్యార్థులు మాత్రం దేశవ్యాప్త లాక్‌డౌన్ వలన 173 విద్యాలయాలలో చిక్కుకుపోయారు. వీరి సంఖ్య 3,000 కు పైనే. ఆ వారాలలో విద్యాలయ సిబ్బందే వీరి బాగోగులు చూశారు. తరువాత ప్రత్యేక అనుమతులతో, రోడ్డు మార్గాన వీరిని సొంత జిల్లాలకు చేర్చారు. ఈ పని 2020 మే నెల మధ్యకు పూర్తయింది. వీటిలో అతి దూర ప్రయాణం హర్యానాలోని కర్నాల్ నుండి కేరళలోని తిరువనంతపురం వరకు, సుమారు 3,000 కిలోమీటర్లు సాగింది. తల్లిదండ్రులు తమ పిల్లలను ఎంత నమ్మకంతో దూరప్రాంతానికి పంపుతున్నారో, ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికి సంస్థ ఎంత బాధ్యత వహించవలసి ఉంటుందో ఈ సంఘటన చూపింది.

పరిమితులు, విమర్శలు

వలస పథకంపై ఉన్న అభ్యంతరాలు, దాని పరిమితులు ప్రధానంగా ఇవి:

వయస్సు. కౌమార ప్రారంభ దశలో ఇంటికి మరింత దూరమవడం కొందరు పిల్లలకు భారం అవుతుంది. బెంగ, ఒంటరితనం, హేళన వంటివి పెద్దల దృష్టికి రాకపోయే ప్రమాదముంది. 2013-2017 మధ్య నవోదయ విద్యాలయాలలో 49 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్లు 2018 లో వార్తలు వెలువడ్డాయి. ఇది వలస విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం కాకపోయినా, ఆశ్రమ పాఠశాలలలో శిక్షణ పొందిన సలహాదారులు ఎంత అవసరమో తెలియజేసింది. భాష రాని చోట ఉన్న పిల్లవాడికి ఈ అవసరం మరింత ఎక్కువ.

చదువు. కొత్త ప్రాంతంలో తొలి నెలలు కుదురుకోవడానికే సరిపోతాయని, దాని ప్రభావం మార్కులపై పడుతుందని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. ఆడపిల్లలను దూరం పంపడానికి సంకోచించే కుటుంబాలూ ఉన్నాయి.

హిందీ కేంద్రకత. పథకంలోని మార్పిడి హిందీ, హిందీయేతర ప్రాంతాల మధ్యనే జరుగుతుంది. శ్రీకాకుళం పిల్లవాడు పక్కనే ఉన్న ఒడిశాకు గాని, చిత్తూరు పిల్లవాడు కర్ణాటకకు గాని ఈ పథకం కింద వెళ్ళే వీలు లేదు. ద్విభాషా విధానాన్ని అనుసరించే తమిళనాడు మొదటి నుండి నవోదయ విద్యాలయాలను అంగీకరించలేదు. హిందీ తప్పనిసరి కావడమే దీనికి ప్రధాన కారణం.

గిరిజన భాషలు. ఒక జిల్లాకు ఒకే ప్రాంతీయ భాష అన్న లెక్కలో చిన్న భాషలు కనబడవు. ఇంట్లో గోండి, కోయ, సవర లేదా లంబాడీ మాట్లాడే పిల్లవాడికి తెలుగే రెండవ భాష. వలస వెళ్ళిన చోట అతనిని "తెలుగు విద్యార్థి"గానే లెక్కిస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 లో గోండి, కోయ, కొండ, కువి, కోలామి, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక స్థాయి బహుభాషా విద్యను ప్రారంభించింది. ఉన్నత తరగతులలో ఈ భాషలకు అటువంటి చోటు దక్కలేదు.

పరిధి. ఎంపిక పరీక్షలో నెగ్గిన కొద్దిమందికే ఈ అవకాశం. అందులోనూ 30 శాతమే ప్రయాణం చేస్తారు. దేశంలోని విద్యార్థుల సంఖ్యతో పోల్చితే ఇది చాలా స్వల్పం.

ఇతర కార్యక్రమాలు

2015 అక్టోబరు 31 న ప్రకటించిన "ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్" కార్యక్రమంలో రాష్ట్రాలను జతలుగా కలిపారు. ఆంధ్రప్రదేశ్‌ను పంజాబుతోను, తెలంగాణను హర్యానాతోను జతపరిచారు. జత రాష్ట్రపు భాషలో కొన్ని వాక్యాలు నేర్చుకోవడం, పాటలు, వంటకాలు, పర్యటనలు ఇందులోని అంశాలు. ఎక్కువమంది విద్యార్థులను చేరగలగడం దీనికున్న సౌలభ్యం. స్వల్పకాలిక పరిచయంగానే మిగిలిపోవడం దీని పరిమితి. 2020 జాతీయ విద్యా విధానం కూడా బహుభాషా బోధనకు, భారతీయ భాషల పరిచయానికి ప్రాధాన్యమిచ్చింది.

సాధారణ పాఠశాలలకు వర్తించే అంశాలు

పిల్లలను వేల కిలోమీటర్ల దూరం పంపడం అన్ని బడులకూ సాధ్యం కాదు. అయితే వలస పథకంలోని మూల సూత్రాలను, అంటే ఇరుపక్షాలూ నేర్చుకోవడం, ఉమ్మడి పని చేయడం, ఎదుటివారి భాషకు గౌరవస్థానం ఇవ్వడం అనే వాటిని, ఏ తరగతి గదిలోనైనా పాటించవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో చాలా తరగతులు ఇప్పటికే బహుభాషా తరగతులు. హైదరాబాదులో ఉర్దూ, ఆదిలాబాదులో మరాఠీ, గోండి, నల్గొండ తండాలలో లంబాడీ, శ్రీకాకుళంలో ఒడియా, సవర, చిత్తూరులో తమిళం, అనంతపురంలో కన్నడం ఇళ్ళలో వినబడతాయి. ఉపాధ్యాయుడు ముందుగా తన తరగతిలో ఎన్ని ఇంటి భాషలున్నాయో తెలుసుకొని, నల్లబల్లపై ఒకే వస్తువుకు వాటన్నిటిలో గల పేర్లు వ్రాయించవచ్చును. "నీరు" అన్న మాట తీసుకుంటే తమిళంలో నీర్, కన్నడంలో నీరు, ఉర్దూ, హిందీలలో పానీ, ఒడియాలో పాణి అని రెండు కుటుంబాలు తేలికగా కనిపిస్తాయి. తన ఇంటి మాటను బడిలో ఎన్నడూ పలకని పిల్లవాడికి ఆ రోజు నల్లబల్ల మీద దానికి చోటు దొరుకుతుంది. మిగతావారు ఆ మాట ఎలా పలకాలో అతనిని అడిగి తెలుసుకోవలసి వస్తుంది.

అలాగే వలస కూలీల పిల్లలు ఏటా చాలా బడులలో చేరుతుంటారు. ఇటుక బట్టీల పనికి ఒడిశా నుండి వచ్చిన కుటుంబాలు ఇందుకు ఉదాహరణ. వీరి ప్రయాణం ఏ పథకం కిందా జరిగింది కాదు. వీరి కోసం భాషోపాధ్యాయుడు గాని, తిరుగు రైలు టిక్కెట్టు గాని ఎవరూ ఏర్పాటు చేయలేదు. నవోదయ పథకం ఎంపిక చేసిన పిల్లలకు కల్పించే మర్యాదను, అవసరార్థం ఊరు విడిచి వచ్చిన ఈ పిల్లలకు కూడా బడి కల్పించగలిగితేనే సంస్కృతుల పరిచయమన్న లక్ష్యం నెరవేరినట్లవుతుంది.

ఇవి కూడా చూడండి

* జవహర్ నవోదయ విద్యాలయం
* త్రిభాషా సూత్రం
* జాతీయ విద్యా విధానం
* పి.వి.నరసింహారావు
* గురుకుల విద్యాలయాలు
* ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్